తడి ఆరని పలక

షరీఫాబీ బడిలో ఏ పని చెప్పినా చేస్తుంది. అన్నం వండుతుంది, గుడ్లు ఉడకబెడుతుంది, ఏడ్చే పిల్లల ముక్కులు తుడుస్తుంది, కొట్టుకునేవాళ్ళను చెరో మూలా కూర్చోబెడుతుంది. నల్లబల్ల మాత్రం తుడవదు. ఒకసారి కొత్తగా వచ్చిన హెడ్‌మాస్టరు తెలియక డస్టరు చేతికిస్తే, దాన్ని పట్టుకునే బయటికి నడిచి, మధ్యాహ్నం అన్నం గంట కొట్టేదాకా లోపలికి రాలేదు. ఆ తర్వాత ఎవరూ చెప్పలేదు. మార్కాపురంలో పుట్టి, పలకల కార్ఖానాలో ముప్ఫై ఏళ్ళు తుడుపు పనే చేసిన మనిషికి ఇదేం పట్టింపని టీచర్లు నవ్వుకుంటారు.

ఇంటి దగ్గర ఇంకో విడ్డూరం. కోడలు బండలు కడుగుతుంటే ఈమె కూడా చీపురందుకుంటుంది. నీళ్ళు తోసేసి, నేల ఆరడం మొదలుపెట్టగానే లేచి వీధిలోకి పోతుంది. ఆరే నేలను చూడదు. అత్తకు కొంచెం పిచ్చి ఉందని కోడలు పుట్టింట్లో చెప్పుకుంది. పిచ్చి కాదు, భయం. దాని కథ తెలియాలంటే ముందు పలకల పని కొంత తెలియాలి.

గని నుంచి వచ్చిన రాయిని పొరలుగా చీల్చి, కొలతకు కోసి, నున్నగా రుద్ది, కర్ర చట్రం బిగిస్తారు. అంతటితో పలక అయిపోదు. ఎక్కడైనా పగులుందేమోనని ఒక మనిషి దాన్ని వేలి కణుపుతో తట్టి చూస్తాడు. తర్వాత బలపంతో ఏదో ఒకటి రాసి, గీత తెల్లగా పడుతున్నదా, రాయి గరుకుగా ఉందా అని చూస్తాడు. పక్కన కూర్చున్న ఆడమనిషి ఆ రాతను తడిగుడ్డతో తుడిచి, పలకను గోడకు ఆనించి ఆరబెడుతుంది. తడి మీద పలక ఎప్పుడూ నల్లగా నిగనిగలాడుతుంది, ఎంత లోతు గీతనైనా దాచేస్తుంది. ఆరాకే అసలు సంగతి బయటపడేది. గీత ఆనవాలు కనిపిస్తే రెండో రకంలోకి తీసేయాలి, లేకపోతే గడ్డి పరిచిన పెట్టెలోకి వేయాలి. అందుకే ఆ పనిలో మొదటి షరతు, తడి పలక పెట్టెకెక్కకూడదు.

రాసేవాడు ఆమె భర్త హిదాయతుల్లా. తుడిచేది ఆమె. ఆయనకు అక్షరం ముక్క రాదు గనుక మేకనో చేపనో గీసేవాడు. పెళ్ళయిన కొత్తలో ఆమె ముక్కు గీసేవాడు, దానికి ముక్కుపుడక పెద్దదిగా పెట్టి. మేస్త్రీ చూస్తాడేమోనని ఆమె గబగబా తుడిచేది. తుడుస్తూ నవ్వేది. మొగుడూ పెళ్ళాల సరసం పలకల మీద నడిచి, పలకల మీదే చెరిగిపోయేది.

వాళ్ళకు మొదట పుట్టింది ఫర్జానా. ఒకటో తరగతిలో పేరు రాయడం నేర్చుకుని, సాయంత్రం బడి నుంచి నేరుగా కార్ఖానాకు వచ్చి, తండ్రి చెయ్యి పట్టుకుని ఆయనకూ నేర్పింది. కోత యంత్రం కింద పడి ఆయన కుడి చూపుడు వేలు సగం పోయింది. బలపం సరిగా నిలవదు. అందుకని ఆయన రాసిన పేరు తిన్నగా ఉండదు, మెట్లెక్కుతున్నట్టు పైకి పోతుంది. పిల్ల పడీ పడీ నవ్వింది. షరీఫాబీకి కూడా నేర్పుతానని వెంటపడింది. నాకెందుకులే, అన్నం ఎవరు వండుతారు అని ఆమె లేచిపోయింది. ఆ మాట ఇప్పటికీ ఆమెకు గొంతులో ముల్లులా తగులుతుంది.

ఆ మరుసటేడు, వానలు పడి పాత గని గుంటలన్నీ నిండిన కాలంలో, హిదాయతుల్లా ఒక గుంట దగ్గర కాళ్ళు కడుక్కుని తువ్వాలు అక్కడే మరిచి వచ్చాడు. పోయి తెచ్చిపెట్టమని ఏడేళ్ళ పిల్లను పంపాడు. పోయి వచ్చే దూరమే. తువ్వాలు గట్టు మీదనే దొరికింది. పిల్ల రెండు గంటల తర్వాత దొరికింది.

ఆ వాడలో ఒక ఆచారం ఉంది. మౌల్వీ సాబు వద్దంటాడు, పాస్టరుగారూ వద్దంటాడు, అయినా తురకలూ చేస్తారు, కిరస్తానీలూ చేస్తారు. నీళ్ళల్లో పోయిన బిడ్డను ఇంటికి తెచ్చేటప్పుడు తల్లి ఆ నీళ్ళ గట్టున నిలబడి, పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి, ఇంటికి పోదాం దా అని. పిలవకపోతే బిడ్డ అక్కడే ఉండిపోతుందంటారు. అందరూ షరీఫాబీని గట్టు మీద నిలబెట్టారు. పిలువమ్మా అన్నారు. ఆమె నోరు తెరిచింది. పేరు రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. చివరికి భర్త వైపు తిరిగి ఒకే మాట అంది.

“నువ్వే పంపినావు.”

అంతే. ఆ రోజు నుంచి కూతురి పేరు ఆమె నోటి వెంట రాలేదు. ఒకటి కాదు రెండు కాదు, ముప్ఫై ఏళ్ళు. తర్వాత పుట్టిన కొడుకు అస్లాంకు తనకో అక్క ఉండేదని చాలాకాలం తెలియదు.

పదిహేను రోజులకు మళ్ళీ పనికి పోయారు. ఎప్పటిలాగే పక్కపక్కనే కూర్చున్నారు. హిదాయతుల్లా మొదటి పలకను తట్టి, రాసి, ఆమె చేతికి ఇచ్చాడు. దాని మీద మేక లేదు, చేప లేదు. మెట్లెక్కుతున్నట్టు ఫర్జానా. ఆమెకు చదువు రాకపోయినా ఆ ఆకారం తెలుసు. తడిగుడ్డతో తుడిచింది. రెండో పలక మీదా అదే. మూడో దాని మీదా అదే. రోజుకు రెండు మూడు వందల పలకలు. ఆయన తల ఎత్తేవాడు కాదు, ఈమె అడిగేది కాదు. మనలో మాట, ఒక్కరోజు ఇద్దరిలో ఎవరో ఒకరు పలక పక్కన పెట్టి బోరున ఏడ్చి ఉంటే ఇద్దరూ బాగుపడేవాళ్ళు. ఏడవలేదు. ఆయన రాశాడు, ఆమె తుడిచింది. అట్లా ఏళ్ళు గడిచాయి.

పైగా ఆయన చెయ్యి బరువెక్కింది. రాయిలో చెక్కుతున్నట్టు నొక్కి రాసేవాడు. తుడిచి గోడకు ఆనిస్తే, తడి ఆరుతూ ఉండగా నలుపులోంచి పేరు మళ్ళీ పైకి వచ్చేది. మొదట ఒక గీత, తర్వాత ఒక గుండ్రం, తర్వాత పిల్ల మొత్తం. ఒక రోజు మధ్యాహ్నం గోడ పొడుగునా ఆరబెట్టిన అరవై పలకల మీద అరవైసార్లు లేచి వచ్చింది. షరీఫాబీ అక్కడే వాంతి చేసుకుంది. ఆ మర్నాటి నుంచి ఆమె ఆరేదాకా ఆగలేదు. తుడిచిన పలకను తుడిచినట్టే, తడి తడిగానే గడ్డిలో పెట్టి పెట్టె మూసేసింది. పనిలో మొదటి షరతునే తప్పింది. ఎన్ని పలకలు అట్లా పోయాయో, ఏ ఊళ్ళకు పోయాయో ఆమెకు తెలియదు. రాత్రిళ్ళు మాత్రం పెట్టెల్లో పిల్ల తడిగా ఉన్నట్టు, చలికి ముడుచుకున్నట్టు అనిపించేది.

రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని హిదాయతుల్లా ఆరేళ్ళ కిందట పోయాడు. ఆఖరి రోజున ఆమె విసనకర్రతో విసురుతుంటే, ఇంట్లో మాట్లాడుకునే ఉర్దూలోనే అడిగాడు.

“ఏక్ బార్ బచ్చీ కా నాం లే, షరీఫా.”

ఒక్కసారి పిల్ల పేరు పలుకు. అంతకన్నా ఏమీ అడగలేదు. క్షమించమని కూడా అనలేదు. ఆమె విసురుతూనే ఉంది. నోరు తెరిచింది కూడా. గట్టు మీద ఎట్లా రాలేదో మంచం పక్కనా అట్లాగే రాలేదు. సాయంత్రం నమాజు వేళకు ఆయన కళ్ళు మూశాడు. భర్త మీద కోపం ఎప్పుడో పోయింది. పోయిందని చెప్పడానికి ఉన్నది ఆ ఒక్క మాటే, ఆ మాటే రాలేదు. ఈ మధ్య ఇంకో భయం పట్టుకుంది. పిల్ల ముఖం గుర్తు రావడం లేదు. ఫొటో లేదు. కళ్ళు మూసుకుంటే నల్లటి తడి పలక కనిపిస్తున్నది. ఇన్నివేలసార్లు తుడిచాను కదా, పూర్తిగా చెరిపేసినట్టున్నానని ఆమె నమ్మకం.

ఇట్లాంటి మనిషిని సముద్రానికి తీసుకుపోవాలన్న ఆలోచన తెలుగు టీచరు ఝాన్సీది. పాపం, ఆ అమ్మాయికి ఇవేమీ తెలియవు. పిల్లలకు పాఠంలో ఉన్న పెద్ద కవిగారి ఇల్లు ఒంగోలు అవతల సముద్రం ఒడ్డున ఉందనీ, ఒక్కరోజులో చూసి రావచ్చనీ బస్సు మాట్లాడింది. నలభై ఇద్దరు పిల్లలు. సముద్రం దగ్గర లెక్క తప్పకుండా చూసే కళ్ళు కావాలి. ఎక్కినప్పుడల్లా తలలు లెక్కపెట్టే పని బీబమ్మది అని ఝాన్సీ ఖరారు చేసింది. బడిలో అందరూ షరీఫాబీని బీబమ్మ అనే పిలుస్తారు. నీళ్ళంటే ఆమె గుండె జారింది. తాను పోకపోతే పిల్లలను ఎవరు కాస్తారన్న భయం దానికన్నా పెద్దదైంది. తెల్లవారుజామున లేచి పులిహోర కలిపి, గుడ్లు ఉడకబెట్టి, బుర్కా తొడుక్కుని బస్సు మెట్టు దగ్గర నిలబడింది. ఒక్కొక్క తల మీద చెయ్యి వేసి లెక్కపెట్టింది. నలభై రెండు.

కొనకనమిట్ల దాటేదాకా పిల్లలు పాడారు, పొదిలి దాటేసరికి సగంమంది వాంతులు చేసుకున్నారు, ఒంగోలు వచ్చేసరికి మళ్ళీ పాడారు. సముద్రం దగ్గర రెండు గంటలు షరీఫాబీ ఇసుకలో నిలబడే ఉంది. నీళ్ళల్లో కాలు పెట్టలేదు. పెదవులు కదుపుతూ లెక్కపెడుతూనే ఉంది. పులిహోర తిన్నాక, మూడు గంటల వేళ, పిల్లలను వరసగా నడిపించుకుంటూ కవిగారి ఇంటికి పోయారు.

ఇల్లు పెద్దది కాదు. ఉప్పుగాలికి గోడలు పెచ్చులూడాయి. కవిగారు పోయి పదేళ్ళయింది. ఆయనకు పాతికేళ్ళు వండిపెట్టిన పోలమ్మ అనే బెస్తామె ఇప్పుడు ఆ ఇంటికి కాపలా. కళ్ళద్దాలు, చేతికర్ర, పడక్కుర్చీ అన్నీ చూపించి, ఎవరూ ముట్టుకోవద్దని హెచ్చరించి, పిల్లలందరినీ కిటికీ గదిలోకి పిలిచింది. ఇప్పుడు మీకు ఈ ఇంట్లో ఉండే పిల్లను చూపిస్తానంది. ఝాన్సీ నవ్వుతూ పిల్లలకు సైగ చేసింది. క్లాసులో ముందే చెప్పింది గదా, కవిగారు ఆఖరి పుస్తకమంతా ఒక కనిపించని పిల్లతో మాట్లాడుతూ రాశారని. వంటింట్లో ఉండే షరీఫాబీ ఆ పాఠం వినలేదు. ఆమె గుమ్మం దగ్గర నిలబడి తలలు లెక్కపెడుతున్నది.

పోలమ్మ చెప్పుకొచ్చింది. పెద్దతనంలో అయ్యగారి చెయ్యి వణికేది. కాగితం చిరిగిపోతున్నదని ఒంగోల్లో ఒక పలక కొనుక్కొచ్చారు. మొదటి రోజే ఏదో రాసి, తడిగుడ్డతో తుడిచి కిటికీలో ఆరబెడితే, దాని మీద తాను రాయని పేరు లేచింది. పదిసార్లు తుడిచారు. పదిసార్లూ లేచింది. ఎవరీ పిల్ల అని వచ్చినవాళ్ళనల్లా అడిగేవారు. సముద్రంలో పోయిన పిల్ల ఎవరో ఇల్లు వెతుక్కుంటూ వచ్చిందని పల్లెలో అనుకున్నారు. అయ్యగారు భయపడలేదు. పొద్దున్నే లేచి ముందు ఆ పిల్లనే పలకరించేవారు. కిటికీలో రెండు బిస్కెట్లు పెట్టేవారు.

ఇంత చెప్పి, గూట్లోంచి పలక తీసి, తడిగుడ్డతో తుడిచి, వెలుతురులో నిలబెట్టింది. పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. నల్లటి పలక నిగనిగలాడింది. అంచుల నుంచి ఆరడం మొదలైంది.

షరీఫాబీకి అప్పుడే బయటికి పోవాలనిపించింది. కాళ్ళు కదలలేదు. ఎడమ మూల నుంచి ఒక గీత లేచింది. గీత వెనక గుండ్రం. పైకి, మెట్లెక్కుతున్నట్టు పైకి. పూర్తిగా లేవకముందే ఆమె పిల్లలను తోసుకుంటూ ముందుకు పోయి, గుడ్డ లాక్కుని, పలకను ఒక్క తుడుపులో తుడిచేసింది. తానే చేసిందని ఆమెకు తెలియదు. ముప్ఫై ఏళ్ళ చెయ్యి దాని పని అది చేసింది. తుడిచి, చంకలో పెట్టుకుని, పెట్టె కోసం అటూ ఇటూ చూసింది. అక్కడ పెట్టె లేదు.

పోలమ్మకు ఒళ్ళు మండింది. అయ్యగారి వస్తువు మీద చెయ్యి వేయడానికి నువ్వెవరని గట్టిగా అడిగింది. ఝాన్సీ తెల్లబోయి, బీబమ్మా బీబమ్మా అంటూ భుజం పట్టుకుంది. షరీఫాబీ ఎవరి వైపూ చూడలేదు.

“ఇది మా ఆయన రాసిన రాత,” అంది. “నేనే సరిగ్గ ఆరబెట్టకుండ పంపినా. ఆ పిల్ల నా బిడ్డ.”

షరీఫాబీ కింద కూలబడి, కార్ఖానా, గుంట, తువ్వాలు, గట్టు మీద రాని పేరు అన్నీ ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఎవరికీ చెప్పని సంగతి పరాయి ఊళ్ళో, పరాయి ఆడదానికి చెప్పింది. పోలమ్మ కోపం ఎటు పోయిందో పోయింది. ఎదురుగా చతికిలబడి, పలకను ఆమె చంకలోంచి మెల్లగా తీసి, ఆమె ఒళ్ళోనే నిలబెట్టింది.

“ఆరనీ వదినా,” అంది. “తుడిస్తే పోయే పిల్ల కాదు. పదిహేనేళ్ళుగా నేనూ తుడుస్తూనే ఉన్నాను. పొద్దున్నే లేచావా ఫర్జానా అని పిలవకపోతే నాకూ పొద్దుపోదు.”

కన్నతల్లి ముప్ఫై ఏళ్ళు పిలవని బిడ్డను సముద్రం ఒడ్డున ఒక ముసలాయనా, ఒక బెస్తామే రోజూ పొద్దున్నే పిలుస్తూ వచ్చారు. ఆమెకు సిగ్గేసింది. ఈర్ష్య కూడా వేసింది. రెండింటి కిందా, చాలా కింద, కొంచెం చల్లగా అనిపించింది.

ఉప్పుగాలికి పలక త్వరగా ఆరదు. బస్సు డ్రైవరు బయట హారను కొట్టాడు. చీకటి పడకముందే చీమకుర్తి దాటాలని అతని తొందర. ఝాన్సీ అతన్ని ఆగమని చెప్పి వచ్చి, పిల్లలను చప్పుడు చేయకుండా కూర్చోబెట్టింది. షరీఫాబీ పలక వైపే చూస్తూ కూర్చుంది. రెండుసార్లు ఆమె చెయ్యి గుడ్డ వైపు పోయింది. రెండోసారి ఆ చేతిని మరో చేత్తో పట్టుకుంది. ఆమె బతుకులో తడి పలకను ఆరేదాకా చూడటం, ఆ అరవై పలకల రోజు తర్వాత, మళ్ళీ ఇదే.

గీత లేచింది. గుండ్రం లేచింది. పేరు మొత్తం, సగం వేలి మనిషి రాసిన పేరు, ఒక పక్కకు ఒరిగి పైకెక్కుతూ ఆమె ఒళ్ళో నిలబడింది. దానితో పాటు ఇంకేదో వచ్చింది. చెవులు. గుంటకు పోయిన రోజుకు పదిరోజుల ముందే కుట్టించిన చెవులు, తూట్లు పూడిపోకుండా పెట్టిన వేపపుల్లలు, వాటిని తడుముకుంటూ అమ్మా ఇంకెన్నాళ్ళకు కమ్మలు పెడతావని అడిగిన ముఖం. చెరిగిపోలేదు. ఎక్కడికీ పోలేదు. షరీఫాబీ పలక మీద నుదురు ఆనించి గట్టిగా ఏడ్చింది. ముందు కూర్చున్న పిల్లలు ఇద్దరు ఎందుకో తెలియకుండానే ఏడ్చారు.

పలకను తీసుకుపొమ్మని పోలమ్మే అంది. అయ్యగారుంటే ఆయనా అదే అనేవారంది. షరీఫాబీ తన బుర్కా అంచుతో చట్రం మాత్రం తుడిచి, పలకను గూట్లో తిరిగి పెట్టేసింది. అయ్యగారు పలకరించిన చోటే ఆ రాత ఉండనీ అంది. బిస్కెట్లు పెట్టడం మానొద్దని కూడా చెప్పింది.

పిల్లలు వరసగా బయటికి నడిచారు. గుమ్మం దగ్గర షరీఫాబీ ఆగిపోయింది. వెనక్కి తిరిగి కిటికీ వైపు చూసింది. నోరు తెరిచింది. ముందు గాలి మాత్రమే వచ్చింది.

“ఫర్జానా,” అంది షరీఫాబీ. గొంతు ఆమెది కాదేమో అన్నట్టు ఉంది. “దా, ఇంటికి పోదాం.”

రెండోసారి పిలిచినప్పుడు కొంచెం స్పష్టంగా వచ్చింది. మూడోసారి, ఆలస్యం చేసిన పిల్ల మీద తల్లి విసుక్కున్నట్టే వచ్చింది. కిటికీ రెక్క గాలికి కొట్టుకుంది. ఆ ఇంట్లో కిటికీ రెక్కలు ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉంటాయని పోలమ్మ తర్వాత చెప్పింది గానీ, అప్పుడు మాత్రం ఆమె కూడా పక్కకు జరిగి దారి ఇచ్చింది.

బస్సు మెట్టు దగ్గర షరీఫాబీ తన పని తాను చేసింది. ఎక్కే ఒక్కొక్క తల మీదా చెయ్యి వేసి లెక్కపెట్టింది. పిల్లలంతా ఎక్కాక కూడా ఆమె చెయ్యి గాలిలో, ఏడేళ్ళ పిల్ల ఎత్తున, ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆమె ఎక్కింది. కిటికీ పక్క సీటు వదిలి ఇవతల కూర్చుంది.

ఎందరని ఝాన్సీ అడిగింది.

“నలభై మూడు,” అంది షరీఫాబీ.

ఝాన్సీ ఒకసారి ఆ ఖాళీ సీటు వైపు చూసి, డ్రైవరును పోనిమ్మంది.